మూసిన వాకిలి

ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో నేను కార్యాలయ సహాయకుణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తాను.

మిల్లు షెడ్డులో, ఉత్తరపు వాకిలి దగ్గర, కొందరు ఆడవాళ్లు పత్తిలోని ఆకూ తొడిమలూ ఏరుతారు. వాకిలికి అందరికన్నా దగ్గరగా కూర్చునేది ఒక పెద్దమ్మ. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చి ఆమెకు దగ్గు పట్టుకుంది. వాకిలి నుంచి వచ్చే గాలి ఉన్నందువల్లే పని చేయగలిగేది. గత ఏడాది యజమాని ఆ వాకిలి పొడవునా పత్తి బేళ్లు పేర్చి, వీళ్లను యంత్రాల వెనక్కు మార్చాలనుకున్నాడు. ఇలాంటి మార్పుకు ముందు పనివాళ్ల అభిప్రాయం తీసుకుని రాతలో పెట్టాలన్నది సరుకు కొనేవారి షరతు. ఆ సమావేశం జరిపే బాధ్యత నాకు అప్పగించారు.

ముందురోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్లు నన్ను పిలిచారు.

"ఆ వాకిలి మూస్తే నేను ఊపిరి యాడ తీసుకోవాలప్పా? సేటుకు ఆ మాట సెప్పు," అంది పెద్దమ్మ.

"నీ దగ్గు కోసమే సేటు వాకిలి పెట్టించినాడు పో!" అని పక్కామె ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు.

"నువ్వు సదువుకున్నోనివి, బాగా సెప్తావు," అంది పెద్దమ్మ. నేను తల ఊపాను.

మరునాడు యజమాని మర్యాదగానే అడిగాడు: "ఇబ్బందేమన్నా ఉంటే చెప్పండమ్మా." ఎవరూ నోరు విప్పలేదు. అందరూ నావైపే చూశారు. ఎవరి మాట వారి నోటనే రావడం పద్ధతి అనుకుని, "భయపడకుండా మాట్లాడండి," అని రెండుసార్లు అన్నాను. పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుని నన్నే చూస్తూ ఉండిపోయింది. సమావేశంలో వినిపించినదే రాయాలని నేర్చుకున్నవాణ్ణి. "అభ్యంతరాలు లేవు" అని రాశాను. అందరూ వచ్చి వేలిముద్రలు వేశారు.

వారం తిరిగేసరికి బేళ్లు వాకిలిని కప్పేశాయి.

"మా మాట యాడ పెట్టినావప్పా?" అని పెద్దమ్మ అడిగింది. రాసింది చదివి వినిపించాను. ఆమె కాగితం మీది వేలిముద్రల వైపు చూసింది.

"ముందురోజే నీకు సెప్పినాము గదా. సేటు ముందర మళ్లా మేమే నోరు తెరిసేదానికి నడమ నువ్వెందుకప్పా?"

మా అమ్మ గోనెగండ్ల చేలల్లో కూలికి పోయేది. రైతుతో ఆమె ఏనాడూ నేరుగా మాట్లాడలేదు. ఏమున్నా కూలీలను కుదిర్చే మేస్త్రీకి చెప్పేది, రైతు ముందు మేస్త్రీ చెప్పేవాడు. మేస్త్రీకి చెప్పేశాక ఆమె దృష్టిలో ఆ మాట రైతుకు చేరినట్టే. అది చూస్తూ పెరిగి కూడా, నేను రాసింది పెద్దమ్మ మాటేనని నమ్మి వాళ్లు దాని కింద వేలిముద్రలు వేస్తున్న సంగతి గ్రహించలేదు. పద్ధతి అన్న మాట చాటున, ఉద్యోగంలో కొత్తగా చేరినవాడి భయం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మేనేజరు దగ్గరకు వెళ్లి, తప్పు నాదేనని చెప్పి, మళ్లీ సమావేశం పెట్టమని అడిగాను.

"రాసింది నువ్వే, ముద్రలేసింది వాళ్లే. ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అన్నాడాయన.

పెద్దమ్మ యంత్రాల వెనుక నెల రోజులు కూడా పని చేయలేకపోయింది. ఒకనాడు దగ్గుతూ మధ్యలోనే లేచి ఇంటికి పోయింది. మళ్లీ రాలేదు.

సమావేశాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. రాసేది నేనే. ముందురోజు అన్నాల వేళ షెడ్డులోకి వెళ్లి నిలబడతాను. ఆడవాళ్లు తలలు వంచుకుని తింటూ ఉంటారు. నన్ను ఎవరూ పిలవరు.