అందరికీ ఒకే పొడవు తీగ

షేర్ల బ్రోకరు ధనసుఖ్‌భాయ్ వఖారియాకు కోపం వస్తే గుజరాతీలో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తాడు. ఆ శనివారం పొద్దున ముంబయిలో కొత్త స్టాక్ ఎక్స్ఛేంజి మెట్లు ఎక్కేలోపే రెండు భాషలూ అయిపోయాయి.

"నా ఆర్డర్లు వేసే కంప్యూటరుకు గోడవార చివరి ర్యాక్ ఇచ్చారు. ఆ పెద్ద కంపెనీకేమో బేరాలు కుదిర్చే మీ మిషను పక్కనే చోటు! వాళ్ల ఆర్డరు అడుగు వేస్తే చేరుతుంది, నాది ఊరంతా తిరిగొస్తుంది. నష్టాలు రాక ఏమొస్తాయి?" అంటూ అనఘా పెండ్సే బల్ల మీద గుద్దాడు. ఆ యంత్రాల హాలును మొదటి గీత నుంచీ గీసి కట్టించిన ఇంజనీరు ఆమే. "సోమవారం ఇక్కడి సభ్యత్వం వదిలేస్తున్నా. కాయితాలు సిద్ధం. పోయేముందు నాలుగు దులిపి పోదామని వచ్చా, అనఘాబెన్."

"దులపండి కాకా. కానీ హాల్లోకొచ్చి దులపండి. అక్కడ చలికి మీ కోపం కాస్త దిగుతుంది," అంది అనఘ.

ధనసుఖ్‌భాయ్ కుర్రతనమంతా దలాల్ స్ట్రీట్ షేర్ బజారు రింగులో బేరాలు అరుస్తూ గడిచింది. గొంతున్నవాడిదే బేరం అక్కడ. మనిషి బక్కపలచనే గానీ కంచుగొంతు. మోచేతులతో దారి చేసుకుని ముందు వరసలో నిలబడేవాడు. తర్వాత కంప్యూటర్ తెరలొచ్చాయి, రింగు మూతపడింది. ఇప్పుడు అతని తరఫున ఒక కంప్యూటరు పెట్టె ఆర్డర్లు వేస్తోంది. ఆ రోజుల్లో రింగు మొత్తం ఏడాదిపాటు అరిచిన బేరాలు ఈ హాల్లోకి ఒక్క నిమిషంలో వచ్చి పడతాయి. తన గొంతు వినబడని చోట ఎవరో తనను ముంచుతున్నారన్న అనుమానం మాత్రం అతన్ని వదల్లేదు.

అనఘ తిన్నగా పెద్ద కంపెనీ ర్యాక్ దగ్గరికే తీసుకెళ్లి వెనక తలుపు తెరిచింది. లోపల సన్నటి పసుప్పచ్చ గాజు తీగ చుట్టలు చుట్టలుగా ఉంది.

"ఇంత చుట్టెందుకు? మిషను పక్కనేగా?"

"పక్కనే కాబట్టే చుట్టాం. మీకొచ్చే తీగ ఎంత పొడవో వీళ్లదీ అంతే. వీళ్ల ఆర్డరు ఈ చుట్టంతా తిరిగితే గానీ మిషను చేరదు."

"ఇందులో పోయేది వెలుతురు కదూ?"

"వెలుతురే."

"వెలుతుర్ని గిరగిరా తిప్పుతున్నావా? నా కోసం?"

"మీ ఒక్కరి కోసమే కాదు." ఆమె హాలు చివర ఖాళీగా ఉన్న మూల చూపించింది. "కొలత అక్కడిదాకా తీశాను. సభ్యులు రెట్టింపైతే ఆఖరి ర్యాక్ అక్కడే పడుతుంది. అప్పుడు తీగలన్నీ మార్చాలంటే మార్కెట్ ఆపుకోవాలి. అందుకే ఇప్పుడే అందరికీ ఆ మూల దాకా పొడవు ఇచ్చేశా."

ధనసుఖ్‌భాయ్ ఆ ఖాళీ మూల దాకా నడిచి చూశాడు. రింగులో వెనకవాడికి జానెడు చోటు ఇచ్చినవాడు లేడు. ఈ పిల్ల ఇంకా రానివాళ్ల కోసం వెలుతుర్నే ఆపి నిలబెట్టింది! తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అయినా వ్యాపారి వ్యాపారే. "మాటలు బాగానే ఉన్నాయి. కొలిచి చూపించు," అన్నాడు.

తీగలోకి వెలుతురు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి పొడవు చెప్పే చిన్న పెట్టె తెచ్చింది అనఘ. పెద్ద కంపెనీది సరిపోయింది. అతనిది కొలిచి మొహం చిట్లించింది. మళ్లీ కొలిచింది.

"తేడా ఉంది కదూ! చెప్పానా?" ఎగిరి గంతేశాడు ధనసుఖ్‌భాయ్.

"ఉంది కాకా. మీది రెండు మీటర్లు పొట్టి."

ర్యాక్ వెనక చూస్తే తెలిసింది. దసరాకు యంత్రాలకు బంతిపూల దండలు వేసే ముందు, వేలాడుతున్న తీగ చూడ్డానికి బాగాలేదని ఎవరో ముచ్చటగా కత్తిరించి అతికేశారు.

"అంటే?"

"అప్పట్నుంచీ అందరికంటే ముందు చేరుతోంది మీ ఆర్డరే. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే, ఓ పది ముక్కలు ముందు. వరసలో మొదట నిలబడ్డానికి అది చాలు." ఆమె కొలిచే పెట్టె పక్కన పెట్టింది. "తప్పు మాదే. సభ్యులందరికీ చెప్పుకోవాలి."

ధనసుఖ్‌భాయ్ ఆ చల్లటి నేల మీదే చతికిలబడ్డాడు. పాపం, తన ఆర్డర్ల పెట్టె వెళ్లి ముందే నిలబడింది. అది కొనబోతే ధర పడిపోతుందని భయపడి ఆపింది తను. అమ్మబోతే ఇంకా పెరుగుతుందని ఆశపడి ఆపిందీ తనే; నష్టాలు అలా వచ్చినవే. దసరా నుంచీ తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగలాలో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది, ఆగనంత నవ్వు.

"చెప్పు బేటా, అందరికీ చెప్పు. నవ్వుకుంటే నవ్వుకోనీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆ రెండు మీటర్లూ ఇవాళే కలిపించు. కాయితాలు నేను చింపేస్తాలే. ముందు నిలబెడితే ఓడిపోయాను. అందరితో సమంగా నిలబెట్టి చూడు."