పైడి గడిలో వేసిన సున్నా

బేరంలో నన్ను గెలిచిన మనిషి మా నరసన్నపేటలో ఇంతవరకు లేడు. పదేళ్లకే మా నాన్న కిరాణా కొట్టులో తక్కెడ పక్కన నిలబడి, వచ్చినవాళ్ల మొహం చూసి బెల్లం ధర ఎక్కడ ఆపాలో నేర్చుకున్నదాన్ని. అన్నిటికంటే గొప్ప బేరం ఎనిమిదేళ్ల కిందట చేశాను. ఒక చిన్నపిల్ల ఒంటిమీది దెబ్బల్ని బేరమాడి సున్నాకి దించాను. రాష్ట్రం మొత్తం లెక్కలు వెతికినా ఆ దెబ్బలు దొరకవు. అంత బాగా కుదిర్చాను.

ఈ మాట రాసి పెన్ను కింద పెట్టాను. ఎనిమిదేళ్లు మోసిన బస్తా ఇది. దించితే నడుం విరుగుతుందనుకున్నాను గానీ, హాయిగానే ఉంది. సిగ్గుగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకు తెలియదు.

మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నాకు తెలియరు కాబట్టి. తెలిసినవాళ్లు ఓదారుస్తారు. ఓదార్పంటే తగ్గింపు. తగ్గింపు ఇస్తామంటే వద్దనే అలవాటు మా ఇంటావంటా లేదు.

అప్పుడు నేను రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న మా రెండు జిల్లాల్లో ఒకదానిలో, పిల్లల సంరక్షణ చూసే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. ఏ జిల్లానో చెప్పను. పని రెండు రకాలు. పిల్లల్ని ఉంచిన ఇళ్లకు నెలకోసారి వెళ్లి చూసి రావడం, చూసినదాన్ని అంకెలుగా మార్చి రాజధానికి పంపడం. హోమ్‌లో ఎంతమంది ఉన్నారు, దత్తతకి ఎంతమంది వెళ్లారు, పెంపకానికి ఎంతమందిని ఇచ్చారు, దెబ్బలు తిన్నవాళ్లు ఎంతమంది. ఒక్కొక్కదానికీ ఒక గడి. జిల్లాల గడులన్నీ కలిపితే ఏడాది చివర రాష్ట్రం పట్టిక తయారవుతుంది. ఎక్కడికి మనుషుల్ని పంపాలో, ఎక్కడ అక్కర్లేదో ఆ పట్టిక చూసి పైవాళ్లు తేలుస్తారు. ఇది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

పెంపకం అంటే దత్తత కాదు. చూసుకునేవాళ్లు లేని పిల్లని హోమ్‌లో కాకుండా ఒక ఇంట్లో కొంతకాలం ఉంచుతారు. ఖర్చుకి సర్కారు నెలనెలా ఇంత అని ఇస్తుంది. మా దగ్గర ఆ ఏడాదే మొదలుపెట్టారు. హోమ్ నుంచి మొదటి విడతలో వెళ్లిన పిల్లల్లో పైడి ఒకతి. అసలు పేరు అది కాదు. పదకొండేళ్లు. తల్లి చనిపోయింది. తండ్రి పనికని రైలెక్కి వెళ్లి మళ్లీ రాలేదు. సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద టిఫిన్ హోటలు నడుపుకునే, పిల్లల్లేని మొగుడూ పెళ్లాల ఇంట్లో పైడిని ఉంచాం. ఆ ఇల్లు ఎంచిన కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

మార్చి నెలలో, బడి జరిగే వేళ వెళ్లాను. పైడి హోటలు వెనక కూర్చుని ప్లేట్లు కడుగుతోంది. ఎడమ చేతి మీద మోచేతి దాకా మచ్చలు. అట్లకాడ వెడల్పు ఎంతో తెలియని ఆడది ఉండదు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బోరింగు దగ్గరికి తీసుకెళ్లి అడిగాను.

"ఎవరు కొట్టారే?"

"అమ్మగోరు. దోసె మాడిపోతే ఒకటి. పిలిస్తే పలక్కపోతే రెండు."

"రోజూ కొడతారా?"

"ఆదోరం శానా మంది వస్తారు కదా అక్కా. ఆ దినం ఎక్కువ."

లెక్క చెప్పినట్టు చెప్పింది. ఏడవలేదు. నా చేతిలో పుస్తకం వైపు చూసింది.

"నువ్వు రాస్తావేటి?"

"రాస్తాను."

"ఉత్తినే పైడి అని రాయకు. మా హోమ్‌లో ఇద్దరున్నాం, ఇంకో పైడి అనుకుంటారు. ఇంటిపేరు కూడా ఎయ్యి."

ఇంటిపేరుతో సహా రాశాను. అక్షరం అక్షరం చూసింది. చదవడం వచ్చిన పిల్ల. "ఐతే నన్ను తీసుకెళ్లిపోతారు" అంది. అడగలేదు, అనేసింది. నేను తలూపాను.

ముందువైపుకి వచ్చేసరికి హోటలాయన కాఫీ పెట్టించి కుర్చీ తుడుస్తున్నాడు. "సూడండి మేడమ్ గారూ, రెండు దెబ్బలకే రాసీసుకుంటారేటి? సొంత పిల్లైతే కొట్టుకోమా? మీరు రాసీసినారంటే ఊల్లో మా మొకం ఏటవుతాది?" అన్నాడు. ఆ క్షణంలో నాలో కొట్టు తెరుచుకుంది. అంతకంటే మంచిమాట దొరకడం లేదు. ఎదుటివాడికి ఏదో కావాలి, అది నా దగ్గరుంది. ఇంకేం కావాలి మా జాతికి? వెంటనే లేవలేదు, కాఫీ ముట్టలేదు, పుస్తకం ఒళ్లో తెరిచే ఉంచాను. అరగంటలో మూడు షరతులు రాబట్టాను. రేపటి నుంచి బడి. పిల్ల మీద చెయ్యి పడకూడదు. హోటలు పనికి వేరే మనిషి. ఆయన అన్నిటికీ తలూపాడు. బదులుగా నేను ఇచ్చింది ఒక్కటే. రాయను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎంత మురిసిపోయానో చెబితే మీరు నమ్మరు. ఒక్క గీత గీయకుండా మూడు లాభాలు. మా నాన్న ఉంటే భుజం తట్టేవాడనుకున్నాను.

నాన్న మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా కొట్లలో బోణీ అంటే ప్రాణం. పొద్దున్నే తొలి బేరం ఎలా పడితే రోజంతా అలాగే నడుస్తుందని మావాళ్ల నమ్మకం. మా అమ్మ తలుపు చాటు నుంచి చూసి, చేతి వాసి లేనివాళ్లు గడప దగ్గర కనిపిస్తే నాన్నని లోపలికి పిలిచేసేది. చదువుకున్నదాన్ని, వీటికి నవ్వేదాన్ని. కానీ ఆ సాయంత్రం ఆఫీసులో ఫారం ముందు కూర్చున్నప్పుడు నా బుర్రలో మెదిలింది అదే. పెంపకపు ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల గడి అప్పటివరకూ ఖాళీ. పథకానికి అది మొదటి ఏడాది. ఆ గడికి బోణీ నా చేత్తో, పైడి పేరుతో పడాలా? పడితే ఇక వరసగా పడుతూనే ఉంటాయని, ఎవరూ పిల్లల్ని ఇళ్లకు తీసుకెళ్లరని, మిగతా పిల్లలందరూ హోమ్‌లోనే ఉండిపోతారని, ఇంతమంది మేలు కోసం ఒక్క పిల్ల కాస్త ఓర్చుకుంటే తప్పేముందని, పైగా షరతులు పెట్టాను కదా అని, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు పొడిగించాల్సి ఉంది. ఆ మాట మాత్రం పేర్చలేదు. అది అడుగున ముందే ఉంది.

పుస్తకంలో పైడి పేరున్న పేజీ చింపాను. గడిలో సున్నా వేశాను.

ఏప్రిల్ చివర రాష్ట్రం పట్టిక వచ్చింది. మా పై అధికారి నా సున్నా మీద వేలు పెట్టి అందరికీ చూపించాడు, టీతోపాటు జీడిపప్పు పాకం తెప్పించాడు. రెండు ముక్కలు తిన్నాను. ఆ సున్నా చూసే పైవాళ్లు మా జిల్లాలో పెంపకపు ఇళ్లకి నెలనెలా వెళ్లక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలన్నారు. దెబ్బలే లేని చోటికి మనిషిని పంపడమెందుకు? ఫిర్యాదులున్న జిల్లాలకు పంపారు. వాళ్లు చేసింది న్యాయమే. వాళ్ల చేతికి తప్పుడు తూకం ఇచ్చింది నేను.

తర్వాత పైడి ఉన్న ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి, బడికెళ్లిందన్నారు. గోడకి యూనిఫాం వేలాడుతోంది. బడి రోజున యూనిఫాం గోడకెందుకుందని అడగలేదు. తాలు గింజ ఒక్కటి కనిపిస్తే బస్తా మొత్తం తిప్పి పంపే ఇంట్లో పుట్టినదాన్ని, అడగలేదు. రెండుసార్లు ఊళ్లో లేదన్నారు. ఒక్కసారి కనిపించింది. ఎండలో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. నా వైపు చూసింది. ఒక్క మాట కూడా అడగలేదు.

నన్ను ఎక్కువగా తొలిచింది ఆ చూపే. నేను రాశానని ఆ పిల్ల నమ్మింది. కళ్లారా చూసింది కదా. మరి రాశాక కూడా ఎవరూ రాలేదంటే ఏమనుకుని ఉంటుంది? చెప్పుకోవడం అంటే ఇంతేననుకుందా? అందరికీ తెలిసీ ఊరుకున్నారనుకుందా? దెబ్బలు అట్లకాడవి. ఈ రెండో దెబ్బ మాత్రం నాదే.

పద్నాలుగు నెలలకి పైడి తనే బస్సెక్కి హోమ్ గేటు దగ్గర దిగింది. లోపలికి తీసుకున్నారు. తిరిగి వచ్చిన కారణం రాయమని ఫైలు నా దగ్గరికే వచ్చింది. ఇప్పుడైనా నిజం రాస్తే పాత సున్నా బయటపడుతుంది. "బాలిక ఇష్టంతో వచ్చింది" అని రాశాను. ఆ ఏడాది గడిలోనూ సున్నానే పడింది.

ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు నాన్న కొట్టు నేనే చూసుకుంటున్నాను. పోయిన నెల ఆఫీసులో నా చోటికి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మొదటి ఏడాదిలోనే సున్నా తెచ్చారంట కదా. నాకు ఇప్పుడొక కేసు వచ్చింది. రాయాలంటే భయమేస్తంది. మీరేటి సేసేవారు?" అని అడిగింది. అటు గిరాకీ నిలబడి ఉంది. చేతిలో కందిపప్పు పొట్లం. ఏదో ఒకటి చెప్పి పెట్టేద్దామనుకున్నాను. నోరు వినలేదు.

"రాసెయ్యమ్మా. నాకూ అలాంటిది ఒకటొచ్చింది. నేను దాచాను" అన్నాను.

ఎనిమిదేళ్లు బయటికి రాని మాట, పప్పు పొట్లం కట్టేంతసేపట్లో వచ్చేసింది.  "రాస్తాను మేడమ్" అంది ఆ అమ్మాయి. రెండు రోజులకి రాశానని మెసేజ్ పెట్టింది. గిరాకీకి చిల్లర తప్పిచ్చాను. ఇన్నేళ్లలో మొదటిసారి.

ఆ వారమే జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా చదివి, "ఆ ఏడాది పట్టిక మూసీసినారండి, ఇంక మార్సడానికి అవ్వదు" అన్నాడు. స్టాంపు మాత్రం వేసి ఇచ్చాడు. నా మీద ఏం చేస్తారో తెలియదు. చెయ్యనివ్వండి.

పైడి విజయనగరంలో ఒక బట్టల కొట్లో పనిచేస్తోంది. అక్కడికీ వెళ్లాను. చీరలు మడతపెడుతూ అంతా విన్నది. చివర్న ఒక్కటే అడిగింది. "ఐతే నేను సెప్పిందంతా ఎక్కడా లేదేటి?" లేదన్నాను. ఇంకో చీర అందుకుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే మళ్లీ బేరమే అయ్యేది. ఆమె ఇవ్వలేదు కూడా. దగ్గరలో గిరాకీ వస్తే లేచి వెళ్లింది.

బస్టాండులో వేరుశనక్కాయలు బేరమాడకుండా కొన్నానని రాస్తే బాగుండేది. ఆడాను. కానీ బస్సు కదలగానే నిద్ర పట్టేసింది, దిగాల్సిన చోటు దాటిపోయింది. అంత తేలిగ్గా ఉంది ఒళ్లు.

నేను అమ్మిన సరుకు నాది కాదు. ఆ ఫిర్యాదు పైడిది. నా చేతికి ఇచ్చింది, పైకి చేర్చమని. ఇది తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది, వ్యాపారస్తుల బిడ్డకి.

ఇక లెక్క. దెబ్బలు తిన్న పిల్ల, ఒకరు. తెలిసీ దాచిన మనిషి, ఒకరు. నేను పెట్టిన షరతులు మూడు, నిలబడినవి ఏవీ లేవు. నేను రాశానన్న నమ్మకంతో పైడి ఆ ఇంట్లో గడిపినవి పద్నాలుగు నెలలు. నాకు దక్కినవి ఉద్యోగంలో నాలుగేళ్లు, పాకం ముక్కలు రెండు. నా సున్నాని చూసి ఎవరూ వెళ్లని ఇళ్లలో ఇంకెంతమంది పిల్లలున్నారో, వాళ్లకేమైందో నాకు తెలియదు. అది కూడా నా లెక్కలోదే.