ఆటు ఎవరి అనుమతీ అడగదు

ఎనభై ఒకటో ఏట కూడా ఆర్డీలియా చిసోమ్ ఇంట్లో గడియారం ఉండేది కాదు. అమెరికా తీరంలోని మా దీవిలో వేళ తెలియాలంటే పాయ దగ్గరికి వెళ్లి చూస్తే చాలని ఆమె నమ్మకం. ఉప్పుగడ్డి ఎంతవరకు మునిగింది, బురదలోని చిన్న పీతలు బయటికి వచ్చాయా లేదా అన్నది చూసి, సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో, ఎంతసేపట్లో తిరుగుతుందో చెప్పేది. రొయ్యల పడవలవాళ్లు అచ్చువేసిన ఆటుపోట్ల పట్టిక జేబులో పెట్టుకుని కూడా ఆమెను అడిగే బయలుదేరేవారు. మా మందిరంలో బాప్తిస్మం ఏ గడియకు ఇవ్వాలో నిర్ణయించేదీ ఆమే.

మా వాళ్లు ఆటు మీదనే బాప్తిస్మం తీసుకుంటారు. మునిగి లేచిన మనిషి వదిలిన పాపాన్ని, వెనక్కి తగ్గే నీరు ఎవరూ వెతకలేని లోతుకు మోసుకుపోవాలి. పోటు మీద ముంచితే అదంతా తిరిగి ఒడ్డుకే వస్తుంది.

ఆర్డీలియా మా అమ్మకు అక్క. పదకొండేళ్లకే కత్తితో ఆల్చిప్పలు విప్పే పనిలో చేరింది. ఆ కత్తి గీతలు ఎడమ అరచేతి నిండా ఉండేవి. ముప్పై నాలుగో ఏట భర్త ఎజ్రా రొయ్యల పడవ మీద నుంచి పడి మునిగిపోయాడు. మూడోనాడు పోటు అతన్ని తెచ్చి పాత రేవు దగ్గర వదిలింది. మరుసటి నెలలో ఆమె అదే రేవులో, నడుములోతు నీళ్లలో నిలబడి, బాప్తిస్మానికి వచ్చినవాళ్ల వీపుకు చెయ్యి ఆనించింది. ఆ నీళ్లను ఎలా నమ్ముతావని ఎవరో అడిగారట.

"నీళ్లను నమ్మమని ఎవరన్నారు? మా తాతల్ని గొలుసులేసి బానిసలుగా తెచ్చింది ఈ నీళ్ల మీదేగా. సముద్రం దేవుడు కాదమ్మా, దేవుడి చేతిలో పనిముట్టు. ఫరో సైన్యాన్ని ముంచింది, మోషేకి దారిచ్చింది. నేను మోషే వైపు నిలబడతా, అంతే."

పాత రేవుకు వెళ్లే దారి హాస్కెల్ అనే భూస్వామి పొలం గుండా పోయేది. ఆయన పోయాక వారసులు ఆ భూమిని రిసార్టులు కట్టే ఒక కంపెనీకి అమ్మారు. 1991 వసంతానికి దారి మొదట్లో ఒక అడ్డుకర్ర, దాని పక్కన కాపలా గది వెలిశాయి. నేను న్యాయవాద పరీక్ష గట్టెక్కి దీవికి తిరిగివచ్చి నాలుగు నెలలు అయింది.

ఒక బుధవారం సాయంత్రం మందిరం వసారాలో పాస్టర్ హోరేస్ గిల్యార్డ్ ఆ కంపెనీ పంపిన ఉత్తరాన్ని సంతోషంగా చదివి వినిపించారు. ఆయన పట్నం నుంచి వచ్చి మూడేళ్లయింది. మంచివారు, అందరితోనూ సర్దుకుపోవాలనుకునేవారు.

"ఎంత మర్యాదగా రాశారో చూశారా సిస్టర్? ఏటా మే మొదటి ఆదివారం, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా రేవు వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నారట. కింద సంతకం పెట్టి పంపితే సరి."

పెద్దమ్మ ఒళ్లో గడ్డిబుట్ట అల్లుతోంది. తల ఎత్తలేదు. "ఎనిమిదింటికి పోటు పాస్టర్ గారూ. వచ్చే ఆదివారం నీళ్లు తిరిగేసరికి పదకొండవుతుంది."

"యొర్దానులో ఆటుపోట్లు ఎక్కడున్నాయి సిస్టర్? యేసు ప్రభువు గడియ చూసుకుని దిగాడా?"

"యొర్దాను నది. రాత్రీ పగలూ పోయే నీళ్లే. దానికి గడియ ఎందుకు? మన పాయ రెండు వైపులా నడుస్తుంది. పోయేటప్పుడు పట్టుకోవాలి."

"పోనీ, వేళ మార్చమని అడుగుదాం."

"అడగొద్దు." అప్పుడు తల ఎత్తింది. "అడిగితే ఇస్తారు. మంచివాళ్లేలే. ఇచ్చినవాళ్లు వచ్చే ఏడు ఇవ్వకపోతే ఏం చేస్తారు? మనం ఆ రేవుని ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు."

నేను ఇక ఊరుకోలేకపోయాను. "సంతకం పెడితే రేవు పోయినట్టే పాస్టర్ గారూ. ఇరవై ఏళ్లు బాహాటంగా, ఎవర్నీ అడక్కుండా నడిచిన దారి మీద చట్టం మనకి హక్కు ఇస్తుంది. ఒక్కసారి అనుమతి పుచ్చుకుంటే, ఇన్నాళ్లూ వాళ్ల దయతో నడిచామని మనమే ఒప్పుకున్నట్టు."

"చూశారా? ఏడేళ్లు చదివొచ్చి నా మాటే చెప్తోంది," అంది పెద్దమ్మ. "నన్నడిగుంటే బెండకాయ పులుసు పెట్టి మరీ చెప్పేదాన్ని."

అయితే ముందు దావా వేద్దామని, అంతవరకు బాప్తిస్మం ఆపమని నేను కోరాను.

"కోర్టు ఎన్నాళ్లకి తేలుస్తుంది లాయరమ్మా?"

"ఏడాది పట్టొచ్చు."

"ఒడెస్సా మూడు వారాలు ఒంటరిగా అడవిలో ప్రార్థన చేసి, కలలో నన్ను చూసి నా గుమ్మంలోకొచ్చింది. ఏడాదాగి రమ్మని చెప్పనా?"

"ఆదివారం వెళితే అరెస్టు చేస్తారు పెద్దమ్మా!"

"చెయ్యనీ. తడిబట్టల్తో ఎక్కించుకుంటే పాడయ్యేది వాళ్ల కారే."

ఆ ఆదివారం బాప్తిస్మం తీసుకోవలసిన ఒడెస్సాకు పంతొమ్మిదేళ్లు. బాప్తిస్మానికి ముందు ఒంటరిగా ప్రార్థించి, కలలో కనిపించిన పెద్దావిడను ఆత్మీయ తల్లిగా ఎంచుకోవడం మా ఆచారం. ఆమె ఎంచుకున్నది మా పెద్దమ్మను. చిక్కల్లా ఏమిటంటే, ఆ అడ్డుకర్ర దగ్గర కాపలా ఉద్యోగం ఒడెస్సా తండ్రి లెమ్యుయెల్‌దే.

పాస్టర్ గారు ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆదివారం దాకా సంతకం పెట్టను. కానీ నేను గేటు వరకే వస్తాను సిస్టర్. గొడవలో నిలబడలేను."

"గేటు దాకా రండి చాలు. అవతల నీళ్లున్నాయి, అవి చూసుకుంటాయి."

ఆదివారం పదిన్నరకు మేము ముప్పై ఎనిమిది మందిమి తెల్లబట్టలతో పాడుకుంటూ దారి మొదటికి చేరాము. కర్ర దించి ఉంది. పాట ఆగింది. లెమ్యుయెల్ కంపెనీ టోపీ సరిచేసుకుంటూ, చేతిలో పుస్తకంతో బయటికి వచ్చాడు. కూతురి వైపు చూడలేదు.

"అత్తా, నన్ను ఇరకాటంలో పెట్టకు. ఇదిగో, ఇక్కడ పేరు, వేళ. ఒక్క సంతకం చేస్తే నేనే కర్ర ఎత్తేస్తా."

"నిన్ను ముంచిన రోజు ఏ పుస్తకంలో సంతకం చేశావురా?"

"అప్పుడు గేటు లేదత్తా."

"రేవుందిగా. మేకపిల్లలా తన్నుకున్నావు. నీ మోచెయ్యి తగిలి నా దవడ ఇప్పటికీ చలికాలం సలుపుతుంది. అది ఎక్కడైనా రాసుకున్నారా?"

వెనక నవ్వులు లేచాయి. లెమ్యుయెల్ మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "ఈ ఉద్యోగం పోతే ఒడెస్సా కాలేజీ మాటేంటత్తా? నువ్వే చెప్పు."

ఒడెస్సా ముందుకు వచ్చింది.

"నాన్నా, నా పేరు ఆ పుస్తకంలో రాయొద్దు. దేవుడి పుస్తకంలో రాయించుకోవడానికే వచ్చాను."

అతను అప్పుడు కూతురి వైపు చూశాడు. తరువాత పుస్తకాన్ని చంకలో పెట్టుకుని కర్ర తాడు మీద చెయ్యి వేశాడు. "సరే. సంతకం వద్దు. ఎత్తేస్తున్నా, వెళ్లండి."

"ఆగు!" పెద్దమ్మ చేతికర్రతో అడ్డుకర్ర మీద ఒక్క దెబ్బ వేసింది. "నువ్వు ఎత్తితే నువ్వు పంపినట్టు అవుతుంది. చెయ్యి తియ్యి."

"మరి ఎలా వెళ్తారత్తా?"

"మా ఇంటి తలుపు మేం తీసుకున్నట్టు."

కత్తి గీతలున్న ఆ అరచేతిని ఆమె అడ్డుకర్ర కిందికి పోనిచ్చి పైకి నెట్టింది. అది కదలలేదు. నేను ముందుకు కదిలేలోపే ఆమె చేతి పక్కన మరో చెయ్యి చేరింది. గేటు వరకే వస్తానన్న పాస్టర్ గారిది. తరువాత ఒడెస్సాది, నాది. కర్ర లేచింది. లెమ్యుయెల్ రెండడుగులు వెనక్కి వేసి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, మేమందరం దాటేవరకు అలాగే నిలబడ్డాడు.

రేవులో నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి. పెద్దమ్మ చేతికర్రతో అడుగు వెతుక్కుంటూ నడుములోతుకు వెళ్లి, ఎండిన గడ్డిపుడక ఒకటి విరిచి నీటిపైన ఉంచింది. అది మెల్లగా ఒడ్డు వైపే వచ్చింది. "ఇంకా లేదు," అంది. ఇంతలో కంపెనీ మేనేజరు కారు దిగి, మాకు అనుమతి లేదని గట్టు మీద నుంచి కేకలు వేయసాగాడు. ఆమె తల తిప్పలేదు.

"కాస్త ఆగు బాబూ, నీళ్లు తిరుగుతున్నాయి."

ఎందుకో అతను నిజంగానే ఆగాడు. అతనూ మాతో పాటు ఆ పుడకనే చూశాడు. అది నిలిచింది, ఉన్నచోటనే ఒకసారి తిరిగింది, ఆ తరువాత సముద్రం వైపు సాగింది.

"ఇప్పుడు," అంది పెద్దమ్మ.

పాస్టర్ గారు వాచీ చూసుకోకుండానే ఒడెస్సాను ముంచారు. ఆమె ఊపిరి పీల్చుకుంటూ లేచింది. మా పాట పాయ వెంబడి సముద్రం దాకా పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు లెమ్యుయెల్ నాకు పుస్తకం చూపించాడు. కార్బన్ కాగితం కింది పేజీకి కూడా దిగేంత గట్టిగా ఒత్తి రాశాడు: 'పదీ ముప్పై రెండు. ముప్పై ఎనిమిది మంది. అనుమతి అడగలేదు. నేను ఇవ్వలేదు.'

"సరిగ్గా రాశానా?" అని అడిగాడు.

"ఇంతకన్నా సరిగ్గా నేను కూడా రాయలేను," అన్నాను.

మంగళవారం అతని ఉద్యోగం పోయింది. కొన్నాళ్లు రొయ్యల పడవ మీద పనిచేశాడు. ఒడెస్సా ఆ ఏడు కాలేజీకి వెళ్లలేదు. మరుసటి ఏడు వెళ్లింది. ఈ నష్టాన్ని పూడ్చే ఆదేశం ఏ తీర్పులోనూ ఉండదు. చట్టంతో నాకున్న తగాదాలలో ఇది మొదటిది.

ఆ తరువాత వేసిన దావా మేము గెలిచాము. అయితే ఆ గెలుపు నా వాదనది కాదు. ఎదుటి న్యాయవాది పెద్దమ్మను ఎంతో మృదువుగా ప్రశ్నించాడు. ఆయన ప్రశ్నలోని ఉచ్చు నాకు కనిపిస్తూనే ఉంది. సాక్షి బోనులో ఉన్న మనిషికి సైగ చేయడానికి వీల్లేదు.

"హాస్కెల్ గారు మీ పట్ల దయగా ఉండేవారట కదమ్మా? ఇన్నేళ్లూ తన భూమి మీదుగా మిమ్మల్ని వెళ్లనిచ్చింది ఆయనేగా?"

చనిపోయినవాళ్లను గురించి మంచిమాట చెప్పడం ఆమెకు అలవాటు. ఆ మర్యాద కొద్దీ అవునంటే రేవు పోయేది.

"వెళ్లనివ్వడమేంటి బాబూ? మేం పాడుకుంటూ పోతుంటే ఆయన గుర్రం దిగి, టోపీ తీసి నిలబడేవాడు. లెమ్యుయెల్ కూడా అంతే నిలబడ్డాడు. అనుమతిచ్చేవాడు ఎక్కడన్నా టోపీ తీస్తాడా?"

ఆ జవాబును రికార్డు నుంచి కొట్టివేయాలని ఆయన కోరాడు. న్యాయమూర్తి నిరాకరించారు. పెద్దమ్మ బోను దిగి వస్తూ, ఆటు మొదలవుతోందని, పీతల బుట్ట తీయాలని, తనను త్వరగా ఇంటి దగ్గర దించమని నన్ను తొందరపెట్టింది.