కాఫీ గుగ్గిళ్ళ అత్త

మా మేనత్త పోయిందని మొన్న సోమవారం తెలిసింది. బాగేపల్లి నుంచి చింతపండు బండితో సంతకు వచ్చిన మా ఊరి పెద్దాయన చిక్కబళ్ళాపురంలో మా ఇంటి ముందు ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన తలగుడ్డ తీయగా నేనెప్పుడూ చూడలేదు. "మీ అత్త పోయినాదమ్మా. బాధేమీ పడలేదు. మధ్యాన్నం ఉలవచారుతో సంగటి తినింది, చారు బాగా కుదిరిందని తనే మెచ్చుకొనింది, పండుకొనింది. అంతే" అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను. తన వంటను తనే మెచ్చుకోవడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. ఇంకొకరు మెచ్చుకునేదాకా కాచుకుంటే చారు చల్లారిపోతుందనేది.

నన్ను పెంచింది ఆవిడే. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. తర్వాత మా అమ్మ పోతే, నన్ను చంకనేసుకుని వంటింటి పెత్తనం కూడా తీసుకుంది. మా నాయన బయట ఎంత పెద్దమనిషైనా ఇంట్లో అక్క మాట దాటేవాడు కాదు.

కొత్తగా వచ్చిన ప్రతి వస్తువునూ ఆమె ముందు ఎగతాళి చేసేది, తర్వాత దగ్గరికి పోయి తడిమి చూసేది. ఊళ్ళో కుర్రవాళ్ళు పిలకలు తీయించి క్రాపులు పెట్టుకుంటుంటే, "పిలక తీసినాడు సరే, ఆ జాగాలో లోపల ఏమన్నా పెట్టినాడా?" అని అడిగేది. చేతి గడియారం గురించి ఆమె అన్న మాట ఇప్పటికీ నాకు నిజమనే అనిపిస్తుంది. "గడియారం కట్టినోడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. లేనోడు యాడ పొద్దు పోతాదో అని ముందే వచ్చి కూచుంటాడు." మీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు ఎవరు ఎప్పుడొస్తున్నారో గమనించి చూడండి. హోటళ్ళ మీద ఇంకా కోపం. ఇంట్లో పొయ్యి ఉండి మగవాడు హోటలుకు పోతున్నాడంటే ఆ ఇంట్లో మాటలు లేవని లెక్క అనేది. మా నాయన చింతామణికి సరుకు తీసుకుపోయినప్పుడల్లా హోటల్లో కాఫీ తాగి వచ్చేవాడు. ఈ మాట వినపడగానే ఆయన లేచి వీధిలోకి వెళ్ళేవాడు.

ఇలాంటి ఇంటికి చిక్కబళ్ళాపురం నుంచి సంబంధం వచ్చింది. అంతకు ముందు వచ్చినవాళ్ళంతా చదివింది చాల్లే అన్నవాళ్ళే. వీళ్ళు మాత్రం పెళ్ళయినా పిల్లను హైస్కూలుకు పంపుతామని కబురు చేశారు. నాకు చదువంటే ప్రాణం. ఈ సంబంధం తప్పితే ఇక పలకా లేదు, పుస్తకమూ లేదు. ఆ సంగతి నాకంటే అత్తకే బాగా తెలుసు.

వాళ్ళు పట్నవాసం మనుషులు, కాఫీ ఇవ్వకపోతే పల్లెటూరి గొడ్లు అనుకుంటారని మా నాయన చింతామణి నుంచి కాఫీ గింజలు తెచ్చాడు. పచ్చి గింజలు. ఆయన కాఫీ తాగడమే గాని చేయడం చూసిన మనిషి కాదు. "ఉడకబెట్టి, పాలు పోసి, బెల్లమెయ్యాలంట" అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. మా వైపు గింజ ఏదైనా ఇంటికొస్తే దానికి ఒకటే దారి. నానబెట్టాలి, ఉడకబెట్టాలి, నీళ్ళు వంచి చారు కాయాలి, మిగిలిన గింజలకు తాలింపు పెట్టి గుగ్గిళ్ళు చేయాలి. నీళ్ళూ పారెయ్యం, గింజా పారెయ్యం. అత్త కాఫీకీ ఆ మర్యాదే చేసింది. ఎంత ఉడికించినా మెత్తబడకపోతే, "చింతామణోడు మీ నాయనకు పాత గింజలు అంటగట్టినాడు మ్మీ" అని ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది.

భర్త పోయిన ఆడది పెళ్ళిచూపులకు ఎదురు రాకూడదు గనక అత్త వంటింట్లోనే ఉండిపోయింది. ఆ గింజల నీళ్ళు పోసిన లోటాలు నేనే తెచ్చి ఇచ్చాను. పెళ్ళికొడుకు తండ్రి ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగాలా వద్దా అని దూలం వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గుగ్గిళ్ళు వచ్చాయి. ఆవాలు, ఎండుమిరపకాయలు, పైన కొబ్బరి తురుము, చూడముచ్చటగా ఉన్నాయి. పెళ్ళికొడుకు మర్యాద కోసం ఒక పిడికెడు నోట్లో వేసుకున్నాడు. ఆయన నమలడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు అందరికీ వినపడుతోంది.

ఆయన తల్లి ఒక గింజ తీసి వెలుతురుకు పెట్టి చూసింది. "ఇవి కాఫీ గింజలు గదప్పా?" అంది. పక్కనున్న ఆవిడ పెద్దకొడుకు, పెళ్ళికొడుకు అన్న, పెద్దగా నవ్వి, "ఇంత తెలివైన ఇంటి పిల్లకు హైస్కూలు ఒకటా!" అన్నాడు. మా నాయన తల వంచుకున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వంటింటి గడప దాటి అత్త నడవలోకి వచ్చింది. మా వాళ్ళు వద్దన్నట్టు చేతులు ఊపుతున్నా ఆగలేదు.

"మాకు కాఫీ చేసేది రాదమ్మా" అంది పెళ్ళికొడుకు తల్లితో. "రానిది నేర్చుకొనేదానికే గదా పిల్లను మీ ఊరికి పంపాలనుకుంటాండేది? మీ ఇంట్లో ఎవురికన్నా ఉలవచారు వస్తాదా?"

ఆవిడ ఒక క్షణం ఆలోచించింది. "రాదమ్మా" అంది.

"అయితే అది మా పిల్ల నేర్పిస్తాది."

ఆవిడకు నవ్వు ఆగలేదు. పెళ్ళికొడుకు ఇంకా నములుతూనే నవ్వబోయి పొలమారాడు. తాంబూలాల మాట మగవాళ్ళు ఎత్తకముందే ఆవిడ లేచి వంటింట్లోకి నడిచి, ఉడకబెట్టకుండా మిగిలిన పచ్చి గింజలు పెనం మీద వేయించి, రోట్లో దంచి, కాఫీ కాచింది. అత్త పక్కనే కూర్చుని అంతా చూసింది. లోటా అందుకుని ఒక గుక్క తాగి, "ఇంత అగచాట్లు పడి చేదు తాగాల్నా!" అంది. లోటా మాత్రం ఖాళీ చేసింది.

ఆ ఇంట్లోనే హైస్కూలు ముగించాను. ఇప్పుడు ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా ఇంట్లో వారానికి ఒకసారి ఉలవచారు కాస్తాం. ఇదంతా గొప్ప విషయం కాదని నాకు తెలుసు. అయినా ఆవిడ ఆ పూట గడప దాటకపోతే నేను ఈ నాలుగు ముక్కలు రాసే దాన్ని కాను. ఆ రుణం సంగతి ఆవిడతో ఒక్కసారైనా నోరు విప్పి చెప్పలేదు. చెప్పి ఉంటే ఎగతాళి చేసి ఉండేది.

నేను అత్తవారింటికి బయలుదేరిన రోజు మా పెద్దలు మళ్ళీ శాస్త్రం తీశారు. ఆడపిల్ల బండెక్కేటప్పుడు ఆవిడ ఎదురు రాకూడదట. ఇంట్లో ఎంత వెతికినా కనపడలేదు. చెప్పకుండానే బస్సెక్కాను. అవి యుద్ధం రోజులు, పెట్రోలు లేదు, బస్సులు బొగ్గుతో నడిచేవి. ఊరు దాటాక మిట్ట దగ్గర బస్సు రొప్పుతూ ఆగినంత పని చేసింది. మగవాళ్ళంతా దిగి తోయడం మొదలుపెట్టారు, మధుపర్కాలతో పెళ్ళికొడుకు కూడా. అప్పుడు కిటికీ పక్కన అత్త కనిపించింది. అక్కడ బస్సు నెమ్మదిస్తుందని తెలిసి ముందే వచ్చి కాచుకుని ఉంది.

"ఎదురు రాకూడదన్నారు గాని, పక్కన నడవకూడదని ఎవురూ అనలేదు గదా" అంటూ చువ్వ పట్టుకుని నాతోపాటు నడిచింది. దారి పొడవునా నాకు బుద్ధులు, వెనక్కు తిరిగి అల్లుడికి, "గట్టిగా తొయ్యప్పా, గుగ్గిళ్ళు తిన్న మనిషివి!" అని హుషారు. మిట్ట ఎక్కగానే బస్సుకు ప్రాణం వచ్చింది. మగవాళ్ళు పరుగెత్తి ఎక్కారు. చువ్వ మీద నుంచి ఆమె చెయ్యి జారిపోయింది. నేను మెడ సాచి వెనక్కి చూశాను. బొగ్గు పొగలో ఆమె రోడ్డు పక్కకు ఒదిగి, ఎవరికీ ఎదురు పడకుండా, మేము పోయే వైపుకే ఇంకా నడుస్తోంది.