కృష్ణప్రియ, నా పెద్ద మానిటరు

కృష్ణప్రియ గురించి చెప్పమంటే మా స్టీలు ప్లాంటు బస్తీ క్యాంప్ 1లో ఎవరైనా మెచ్చుకుంటూ చెబుతారు. నేను ఏడుస్తూ చెబుతాను. ఆవిడంటే నాకు కడుపుమంట. దాచుకోవడం దేనికి, వీధి వీధంతా తెలుసు.

రైల్వే గార్డుగారమ్మాయి. జడ నడుం దాటుతుంది. గొంతు పెంచి మాట్లాడదు. నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే వేళ్ళు పెట్టడం నేర్చుకుంది. మిగతావాళ్ళు ఇంకా అక్షరాలు వెతుక్కుంటుంటే తను మీటలకేసి చూడడమే మానేసింది. ఆ తర్వాత దుర్గ్ వెళ్ళి కంప్యూటర్ చదివి, తొంభై అయిదులో మా ఎదురింటి ముందుగదిలో సెంటర్ పెట్టింది. అంతే, నా దగ్గరి ఆడపిల్లలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. టైపు మిషన్ల మోతలో కూడా ఆ గదిలో నవ్వులు నాకే వినపడేవి. ఇంకొందరు పోతే ఇన్‌స్టిట్యూట్ మూసుకోవడమే.

"మనమూ కంప్యూటర్ కొందాం" అన్నాను మా ఆయనతో. ఆయన పేరు దుర్గారావు, ప్లాంటులో ఫిట్టరు.

"ఏటే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు?"

"ఔను, నక్కనే. కొంటావా, కొనవా?"

కంప్యూటర్ డబ్బా దుర్గ్‌లో కొన్నాం. మానిటర్ మాత్రం అక్కడ వద్దన్నాను. అవన్నీ కృష్ణప్రియ మానిటరంతే ఉన్నాయి. నాకు దానికన్నా పెద్దది కావాలి. జాముల్‌లో పాత సామాన్ల కొట్లో దొరికింది, ఆవిడదానికన్నా బెత్తెడు పెద్దది! వైరు చివర ఏముందో నేను చూస్తేగా. చీర ఒక ఊళ్ళో, జాకెట్టు గుడ్డ ఇంకో ఊళ్ళో కొన్నట్టు కొనేశాను.

శుక్రవారం ప్రారంభమని వీధంతా చెప్పాను. కృష్ణప్రియను ఇంటికెళ్ళి మరీ పిలిచాను, వచ్చి చూసి కుళ్ళుకోవాలని. ఆ పొద్దున్న అన్నీ కలుపుదామని కూర్చుంటే మానిటర్ వైరుకు తొమ్మిది పిన్నులు, డబ్బా వెనక పదిహేను రంధ్రాలు. జనం వచ్చే వేళయిందని గోల పెట్టాను. మా ఆయన మాత్రం హాయిగా ఆకురాయి తీశాడు. ప్లాంటులో దూరనిదాన్నల్లా అరగదీసి దూర్చిన చెయ్యి అది.

"దీనికేటే కంగారు? రెండుపక్కలా రుద్దేత్తే అదే దిగుతాది. లేపోతే వైర్లు కోసి కలిపేత్తాను."

అంతలో జనం వచ్చేశారు. వాళ్ళతో కృష్ణప్రియ కూడా. ఆకురాయి చూడగానే "అరే భయ్యా, ఆగండి!" అంటూ వచ్చి, వంగి వెనకవైపు చూసింది.

"దీదీ, తేడా ఒక్క ప్లగ్గులోనే కాదు. ఈ మానిటర్ పాత రకం, మీ డబ్బాలో తెరకి బొమ్మ పంపే కార్డు కొత్త రకం. వైర్లు కలిపేసినా బొమ్మ రాదు, మానిటర్ కాలిపోవచ్చు కూడా. దీనికి సరిపడే కార్డు డబ్బా లోపల పెట్టాలి. నా పాత మిషన్‌లో ఉన్నాది, తెస్తానుండండి."

వద్దని అరవాలనిపించింది. ఇంతమంది ముందు అరవలేక, పళ్ళు కొరుక్కుని తలూపాను. తన మిషన్ విప్పి కార్డు తెచ్చింది, మా డబ్బాలో బిగించింది. తొమ్మిది పిన్నులూ తొమ్మిది రంధ్రాల్లోకి మెత్తగా దిగాయి. తెర వెలిగింది. నారింజ రంగు అక్షరాలు, అంతే. ఆవిడ తెరలో అన్ని రంగులూ ఉంటాయి.

"ఎంత పెద్ద అక్షరాలో దీదీ, కళ్ళకి హాయి" అంది. వెక్కిరించినా బాగుండును, మనస్ఫూర్తిగానే అంది. మా జోగమ్మత్త నేను పంచిన కొబ్బరిముక్క నములుతూ ఆ పిల్లని దీవించింది. అత్తా, కొబ్బరికాయ నాది!

సోమవారం ఇన్‌స్టిట్యూట్ తలుపు తీసేసరికి పిల్లలు వరండాలో నిలబడి ఉన్నారు. మానేసినవాళ్ళు కూడా వచ్చారు. పొంగిపోయాను.

"పెద్ద తెర చూసి వచ్చారా?" అని వాళ్ళలో కుముదినిని అడిగాను.

"నహీ మేడమ్. కృష్ణప్రియ దీదీ పంపింది. ముందు మీ దగ్గర వేళ్ళు కుదిరితేనే తన దగ్గర చేర్చుకుంటాదట."

ఇన్‌స్టిట్యూట్ నిలిచింది. నిలబెట్టింది ఆవిడ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ కార్డు తీసి ఆవిడ మొహాన కొడదామా అంటే, నా తెర ఆరిపోతుంది.