ఓబులేసన్న మిరప చేన్లో నా రైలు

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. వారం నుంచి మా మామ నాతో మాట్లాడ్డం లేదు. శిరివెళ్ల పక్క రైతులు నన్ను చూస్తే సైకిల్ దిగి మరీ "ఏందప్పా, ఇంకేమన్నా కొలుస్తాండావా?" అని అడుగుతాండారు. అన్నిటికీ కారణం ఒక రైలు. అదీ నిజం రైలు కాదు, కంప్యూటర్లో రైలు!

ఆళ్లగడ్డలో నాది చిన్న కంప్యూటర్ సెంటర్ గదా. పొద్దున టైపింగ్ క్లాసులు, మధ్యాహ్నం ఖాళీ. ఆ ఖాళీలో పట్టుకుంది ఈ పిచ్చి. ట్రైన్ సిమ్యులేటర్ అని ఒక గేమ్ ఉండాది. దాంట్లో రైలు మనమే నడపొచ్చు. అంతే కాదు, పట్టాలు, స్టేషన్లు, వంతెనలు, చెట్లు అన్నీ మనమే పెట్టుకొని సొంతంగా ఒక రూటు తయారు చేసుకోవచ్చు. మూడు నెలలు కూర్చొని నంద్యాల స్టేషన్ చేసినా. తర్వాత అనిపించింది, మన ఆళ్లగడ్డకు రైలే లేదు, కంప్యూటర్లోనన్నా తెస్తే పోలా?

ఊరికే గీస్తే ఏం బాగుంటాది? అచ్చం నిజం మాదిరి ఉండల్ల. అందుకని ఆదివారం స్కూటర్ మీద టేపు, కెమెరా, రైలు దారి గీసుకున్న మ్యాప్, ఎరుపూ తెలుపూ రంగేసిన కట్టె పెట్టుకొని శిరివెళ్ల చేలల్లోకి పోయినా. కట్టె ఎందుకంటే, చెట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీస్తే చెట్టు ఎత్తు తెలుస్తాది. ఏ ఫోటో యాడ తీసినానో మర్చిపోకుండా గట్టు రాళ్ల మీద సున్నంతో నంబర్లు కూడా ఏసినా. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని ఒక్క నిమిషమన్నా ఆలోచించినానా? లేదు!

"ఏం కొలుస్తాండావప్పా?"

చూస్తే ఓబులేసన్న. మా మేనమామ సుబ్బయ్య చేనుకు పక్క చేను ఆయనది. గట్టు మీద మిరప నారు కట్టలు పెట్టి, వాటి మీద తడి గోనెపట్టా కప్పుతాండాడు. నేను టేపు చదువుతా, తల కూడా ఎత్తకుండా అన్నా: "రైలు పట్టాలు ఏస్తాండా అన్నా. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు."

"యాడ నుంచి పోతాది?"

"ఈడ నుంచే. నీ చేను మధ్యలో నుంచి. ఇంకో రెండు నెలల్లో అయిపోతాది."

ఒక మనిషికి ఇట్ల ఎవరన్నా చెప్తారా? నేను చెప్పినా!

ఓబులేసన్న కాసేపు కట్టెను, కాసేపు సున్నం నంబర్లను చూసినాడు. "నిన్ను ఎవరు పంపించినారు?"

"ఎవరూ లేదన్నా. నేనే ఏసుకుంటాండా."

"రైలు. నువ్వే ఏసుకుంటాండావు."

"ఆఁ. సరదాకి."

ఆయన నా చేతిలో మ్యాప్ గుంజుకొని చూసినాడు. ఎర్ర గీత ఆయన చేన్లో నుంచి నేరుగా వచ్చి, మా మామ చేను దగ్గర సుబ్బరంగా పక్కకు తిరిగింది. దాని మీద వేలు పెట్టి, "ఈడెందుకు తిరిగింది?" అన్నాడు.

నిజం చెప్పినా. అంతకు ముందు వారం తీసిన ఫోటోలు చూసే ఈ చేలన్నీ కంప్యూటర్లో పెట్టినా. ఆ ఫిలిం రోల్ కడిగిస్తే, మామ చేను ఫోటోలన్నిట్లో నా బొటనవేలే పడింది. ఫోటో లేని చోట పట్టాలెందుకులే అని పక్కకు తిప్పినా. "బొటనవేలు అడ్డమొచ్చిందన్నా" అన్నా. అప్పుడు ఆయన ముఖం చూడాల్సింది!

మర్నాడు పొద్దున సెంటర్ తెరిచేసరికి ముందర ఎనిమిది మంది. ఓబులేసన్న, చుట్టుపక్కల రైతులు, వాళ్ల మధ్యలో మా మామ.

"రైలొస్తాంటే నాకొక మాట చెప్పలేదేందిరా?" అని మామ.

"నీ చేను మిగిలింది గదా సుబ్బయ్యా, నీకేం తక్కువ?" అని ఓబులేసన్న. మళ్లీ నా దిక్కు తిరిగి, "నారు పీకి రెండు దినాలాయ. వాడిపోతాంది. నాటల్నా, పారేయల్నా? అదొక్కటి చెప్పు" అన్నాడు.

నా సరదాకు ఆయప్ప పంట ఆగిపోయిందా!

"అన్నా, అది ఆట! కంప్యూటర్లో ఆట!"

"ఆటకు టేపెందుకు? సున్నమెందుకు?"

"నిజం మాదిరి ఉండల్లని..."

"చూస్తిరా? వాని నోటితోనే నిజమని చెప్తాండాడు!"

"చూపిస్తా రండి" అని స్విచ్ ఏసినా. అప్పుడే పోయింది కరెంటు! అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పోయి వాకిలికి అడ్డంగా కూర్చున్నాడు. నేను పారిపోతానని!

అరగంటకు కరెంటొచ్చింది. తెర మీద గూడ్సు బండి నంద్యాల్లో బయల్దేరింది. "ఇది మన నంద్యాలే!" అన్నారు. కాస్త సేపటికి ఓబులేసన్న ముందుకు జరిగినాడు. "నా బాయి! ఆ బర్రె కూడా నాదే!" అంతలో ఇంజన్ కూతేసుకుంటా చేన్లోకి దూరింది.

"ఆపు! ఆపప్పా! మిరప!"

బ్రేకేసినా. గూడ్సు బండి అంత బేగా ఆగుతాదా? పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి చేను మీదుగా పోయినాయి. ఓబులేసన్న మెల్లగా చెయ్యి చాపి తెర మీద తడిమి చూసినాడు.

"ఉత్త గాజు" అన్నాడు. "అయితే నాటుకోవచ్చు."

అమ్మయ్య అనుకున్నా. వాకిలి దాకా పోయినాయన వెనక్కి తిరిగినాడు. "ఆటే గదా, అట్లయితే పక్కకు జరుపు. ఆటలోనన్నా నా చేను నాకుండల్ల."

జరిపినా. "నా శనగ చేన్లోకి తోస్తావా?" అని ఇంకొకాయన అడ్డమొచ్చినాడు. మళ్లీ జరిపినా. దాంతో అందరూ కుర్చీలు లాక్కొని కూర్చున్నారు. కడాకు, బొటనవేలు సంగతి ఇంకా నమ్మని ఓబులేసన్న, "సుబ్బయ్య చేన్లో నుంచి పోవాల్సిందే" అన్నాడు. అందరూ అవునన్నారు. పట్టాలు మామ చేన్లోకి పోయినాయి. మామ చెప్పులేసుకొని బయటికి పోయినాడు. "సేవ్ చెయ్యి. నా ముందరే చెయ్యి" అని ఓబులేసన్న నా పక్కనే నిలబడుకున్నాడు.

సాయంత్రం నాలుక్కు అందరి చేలూ తప్పించినాం. నంద్యాల నుంచి బండి మళ్లీ వదిలినా. కాలవ దాటింది, కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, మామ చేన్లో ఒక చుట్టు చుట్టింది. దూరంగా స్టేషన్ కనపడింది. "వచ్చింది ఆళ్లగడ్డ!" అని చప్పట్లు కొట్టినారు. దగ్గరికి పోయి బోర్డు చదివితే, నంద్యాల!

ఓబులేసన్న నన్ను పైకీ కిందికీ చూసినాడు. "మరి ఆళ్లగడ్డకు ఎట్లప్పా పోయేది?"

పట్టాలేసింది నేనే, బండి నడిపింది నేనే.

"బస్సుకే అన్నా" అన్నా.