గొళ్ళెం వెనుక పెద్దమ్మ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని. మసక వెలుతురులో నన్ను చూసి జడుసుకున్నవాళ్లు మా సిరిసిల్లలో చాలామంది ఉన్నారు. ఇక నేను దేన్ని చూసి జడుసుకోవాలి? అయినా ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా బతుకుదెరువు బాస్కెట్‌బాల్. బడిలోనే బంతి పట్టి, జగిత్యాల కాలేజీలో సిమెంటు కోర్టు మీద ఆట నేర్చుకుని, బొంబాయిలో రెండేళ్లు ఆడి, అక్కడి నుంచి గల్ఫుకు పోయాను. పెద్ద ఆటగాణ్ణేం కాదు. ఏ జట్టులోనైనా ఎవరికో మోకాలు పోతే అప్పుడు నన్ను పిలిచేవాళ్లు. బహ్రెయిన్‌లో ఒక సీజను, మస్కట్‌లో ఒకటి, కువైట్‌లో ఒకటి. సీజను అయిపోతే ఇంటికి రావడం, మళ్లీ పిలుపు వస్తే పోవడం.

మావైపు ఇంటికొకరు గల్ఫులో ఉంటారు కాబట్టి అందరూ అడిగేవాళ్లు.

"అక్కడ ఏం పని జేస్తున్నవ్?"

"బంతి ఆడుత."

"అది సరే, పనేంది?"

మా పెద్దమ్మకైతే ఇంకో అనుమానం. "ఏడాదికో కంపెనోడు ఎల్లగొడుతుండు. ఏం లొల్లి జేస్తున్నవ్ కొడుకా?" అని గడ్డం పట్టుకుని అడిగేది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఇంటి వెనుక గదిలో రాట్నం ముందు కూర్చుని సాంచలకు, అంటే మరమగ్గాలకు, కండెలు చుట్టేది. ఆ నూలుతోనే నన్ను ఇంత పొడుగు చేసింది.

ఆమెకొక పట్టింపు ఉండేది. నేను పదో తరగతిలో జిల్లా పోటీలకు బయల్దేరుతుంటే నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. ఆ రోజే ఆటలో నా మణికట్టు విరిగింది. నన్ను నెట్టిందెవడో నాకు తెలుసు, కోరుట్ల జట్టు పిల్లగాడు. పెద్దమ్మ మాత్రం తప్పు తనదేననుకుంది. ముండమోసినదాన్ని ఎదురొచ్చాను కాబట్టే అట్లా అయిందని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి నేను ఊరు కదిలినప్పుడల్లా ఒకటే తంతు. ఆమె కండెల గదిలోకి పోయి కూర్చుంటుంది. పొరపాటున కూడా బయటికి రాకుండా నేనే బయటి నుంచి గొళ్ళెం పెట్టాలి. పక్కింటి పద్మక్క, నిండు ముత్తైదువ, నీళ్ల చెంబుతో ఎదురు రావాలి. నేను బస్సెక్కాక పద్మక్కే పోయి గొళ్ళెం తీయాలి. పెంచిన మనిషిని గదిలో పెట్టి పోవడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు. వద్దంటే ఏడ్చేది.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. పగలు పోలీసులు వచ్చి అన్నల గురించి అడిగేవాళ్లు, రాత్రి అన్నలు వచ్చి పోలీసుల గురించి అడిగేవాళ్లు. కథలాపూర్ వైపు దళంలో ఒక పొడుగాయన తిరుగుతున్నాడని ఒక పుకారు పుట్టింది. ఇక చూడండి నా తిప్పలు. "జర వంగి నడువు కొడుకా," అని పెద్దమ్మ పోరు. ఇంట్లో ఉన్నన్నాళ్లు వంగి నడిచేవాణ్ణి. గల్ఫుకు పోతే నిటారుగా నిలబడమని కోచ్ అరిచేవాడు.

ఆ ఏడాది మళ్లీ బహ్రెయిన్ నుంచి పిలుపు వచ్చింది. పొద్దున బస్సులో కోరుట్లకు పోయి, అక్కడ బొంబాయి బస్సు పట్టుకోవాలి. గొళ్ళెం నా చేత్తోనే పెట్టాను. పొడుగు సంచీ భుజాన వేసుకుని గల్లీలోకి దిగాను. బాగా తెల్లవారింది, ఎండ కూడా వచ్చింది.

గల్లీ చివరి నుంచి పెద్దమ్మ ఎదురొచ్చింది.

అదే వెలిసిన నీలం చీర, బోసి నుదురు, చేతిలో ఇత్తడి చెంబు. నావైపే చూస్తూ వచ్చింది. పక్క నుంచి పోతుంటే నూలు గంజి వాసన కూడా తగిలింది. పద్మక్క ముందే గొళ్ళెం తీసేసినట్టుంది అనుకున్నాను. నవ్వొచ్చింది, సంతోషం కూడా అయింది. వెనక్కి తిరిగేసరికి ఆమె ఇంటి మలుపు తిరిగిపోయింది.

ఇట్లా ఎదురైతే వెనక్కి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని నీళ్లు తాగి బయల్దేరాలంటారు. నాకు పట్టింపు లేదు కానీ, అట్లాగే పోతే ఆమె మళ్లీ అన్నం మానేస్తుంది. అందుకే తిరిగి వచ్చాను.

తన గుమ్మంలోంచి పద్మక్క అప్పుడే చెంబు నింపుకుని బయటికి వస్తోంది. పెద్దమ్మను చూడలేదంది. వెనక్కి పోయి చూస్తే గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీశాను. పెద్దమ్మ రాట్నం ముందు ఉంది, వేళ్లకు నూలు చుట్టుకుని.

"ఎనుకకెందుకచ్చినవ్ కొడుకా?"

"నువ్వే ఎదురస్తివి గదా!"

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, గొళ్ళెం పెట్టినా నా పీడ నిన్ను ఇడుస్తలేదురా," అని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీలోంచి పిల్లి కూడా దూరదు.

ఆమెను సముదాయించేసరికి బస్సు పోయింది.

మధ్యాహ్నం కబురు తెలిసింది. కథలాపూర్ దగ్గర పోలీసులు ఆ బస్సును ఆపారు. పొడుగాయన, పొడుగు సంచీతో వస్తాడని వాళ్లకెవరో చెప్పారట. సీట్లన్నీ వెతికారు. మల్లాపూర్ అబ్బాయిని ఒకణ్ణి, కాస్త పొడుగ్గా ఉన్నాడని దింపి తీసుకుపోయారు. అతని జాడ ఆ తర్వాత తెలియలేదని విన్నాను. ఈ కథ చెప్పినప్పుడల్లా అతను గుర్తొస్తాడు.

నాలుగు రోజుల తర్వాత మెట్‌పల్లి పసుపు లారీలో పడుకుని నిజామాబాద్ మీదుగా పోయాను. బహ్రెయిన్ వాళ్లు నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. దోహాలో ఒక చిన్న జట్టు దొరికింది. ప్రాణం ఉంది, బంతి ఉంది, చాలనుకున్నాను.

మరుసటి ఏడాది వచ్చినప్పుడు ఆ గొళ్ళెం పీకేశాను. "ఎదురస్తే నువ్వే రావాలె. లేకుంటే నేను పోను," అన్నాను. మొదటిసారి ఏడుస్తూ వచ్చింది. గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. మూడోసారికి చెంబు ముందురోజే చింతపండుతో తోమి పెట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని జట్లు మారినా ప్రతి ప్రయాణానికీ ఆమే ఎదురు. నాకు ఒక్క వేలు కూడా బెణకలేదు.

నేను మస్కట్‌లో ఉండగా ఆమె పోయింది. చివరిచూపు దక్కలేదు. దినాలు అయ్యాక కువైట్ నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. పద్మక్క చెంబు పట్టుకుని వస్తానంది, వద్దన్నాను. సంచీ వేసుకుని గల్లీలో నిలబడ్డాను. ఒకప్పుడు గొళ్ళెం దాటి వచ్చిన మనిషి, ఇప్పుడు రాదా అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చిన్నపిల్లాడిలా ఎదురు చూశాను.

బస్సు హారన్ కొట్టింది, పోయింది. గల్లీలో ఎవరూ రాలేదు. ఇంట్లోకి వచ్చి సంచీ విప్పేశాను. ఇప్పుడు జగిత్యాలలో పిల్లలకు ఆట నేర్పుతున్నాను.

చనిపోయాక ఆమె ఒక్కసారి కూడా రాలేదు. అందుకే దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆమె బతికి, గొళ్ళెం వెనుక కండెలు చుట్టుకుంటున్న ఆ పొద్దున, గల్లీలో నాకు ఎదురొచ్చింది మరెవరు?